ఓబుళమ్మ ఇంజన్

ఒక ఇనుప ఇంజన్‌ను నేను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. నలుగురు మనుషులు దుంగకు కట్టి ఎత్తితే గాని నేల వదలని ఇంజన్ అది. ఇప్పుడది లోకంలో లేదు. ఎప్పుడో పాత ఇనుములో కరిగిపోయి ఎవరి ఇంటి స్లాబులోనో కమ్మీ అయి ఉంటుంది. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే ముందు కూర్చోబెట్టాలి, టీ తెప్పించాలి, ఎండల గురించి నాలుగు మాటలు ఆడాలి. ఆ లోపల నా ధైర్యం చల్లారిపోతుంది. ఇన్నేళ్ళూ అలాగే చల్లారింది. పేరు రాయను. పులివెందులలో ఒకప్పుడు ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన సాయిబు అంటే ఆ కాలం వాళ్ళు కొందరు గుర్తుపడతారు. పడితే పడనీ.

నా చేతిలో ఒక విద్య ఉండేది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఇంజన్లను విడిపించడం. మా పనిలో దాన్ని 'పట్టేసింది' అంటాం. నీళ్ళలో పడినవి, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్నవి, వాటిలో పిస్టన్ సిలిండర్‌ను కరిచి పట్టుకుంటుంది. సుత్తి తీసుకుని బాదితే పగులుతుంది. బలం పనికిరాదు. పైన మూత విప్పి కిరసనాయిలు పోయాలి. ఊరనివ్వాలి. బయటి నుంచి సన్నని మంటతో వేడి చూపించాలి. చల్లారాక చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి. కదలదు. మళ్ళీ పోయాలి, మళ్ళీ ఊరాలి. చూసేవాళ్ళకు ఇదేం పనిరా అని విసుగు పుడుతుంది. ఎప్పుడో ఒకసారి అది చేతికి తెలుస్తుంది. కంటికి కాదు, చెవికి కాదు, ఇంజన్ పక్కనుండే పెద్ద చక్రం మీద ఆనించిన చేతికే. వెంట్రుకవాసి కదులుతుంది. ఇంక దాన్ని ఎవరూ ఆపలేరు. అటూ ఇటూ ఆడిస్తూ పోతే సాయంత్రానికి నిండుగా తిరుగుతుంది.

ఈ విద్యతో నేను చేసిన అన్యాయం చెప్పాలంటే ఆ రోజుల సంగతి కొంచెం చెప్పాలి.

అవి ఫ్యాక్షన్ ఏళ్ళు. ప్రతి ఊళ్ళో రెండు వర్గాలు, రెండు జీపులు, రెండు జెండాలు. మాలాంటివాళ్ళం ఏ వర్గమూ కాదు. అంటే రెండు వర్గాలకూ భయపడేవాళ్ళం అని అర్థం. నా షాపులో ఎడమ గోడ వెంట ఒక వర్గం ఇంజన్లు పెట్టేవాణ్ణి, కుడి గోడ వెంట ఇంకో వర్గానివి. ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చేసుకున్న ఏర్పాటు. మనుషులు ఎదురుపడి కొట్టుకుంటారు సరే, ఇంజన్లు కొట్టుకుంటాయా? నవ్వొస్తోంది కదా. అప్పుడు నాకు రాలేదు.

ఒక వర్గం చేయి కింద పడితే ఆ వర్గంవాళ్ళు ఊరు వదిలి పోవాలి. పోయినవాళ్ళ చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, నరికేసేవాళ్ళు. నరికే ఓపిక లేకపోతే బావి గట్టు మీద ఉన్న ఇంజన్‌ను బావిలోకి తోసేవాళ్ళు. నీళ్ళు ఆగిపోతే చెట్లు వాటంతట అవే చస్తాయి, గొడ్డలి అక్కర్లేదు. వాళ్ళ భూమి బీడు పడాల్సిందే. ఎవడూ దున్నకూడదు, ఎవడూ కౌలుకు చేయకూడదు. అలాంటి చేను ఒకటి తెలియక దున్నిన ట్రాక్టర్ డ్రైవర్‌ను కాళ్ళు విరగ్గొట్టి మా షాపు ముందు నుంచే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగాయని సామెత ఊరికే పుట్టలేదు.

ఓబుళమ్మది లింగాల వైపు ఒక ఊరు. ఆమె భర్తను చంపేశారు. ఆమె కొడుకు కేశవను వెంటబెట్టుకుని జమ్మలమడుగులో అక్క ఇంటికి పోయి తలదాచుకుంది. కొన్నేళ్ళకు రెండు వర్గాల పెద్దలూ కూర్చుని రాజీ చేసుకున్నారు. పోయినవాళ్ళు తిరిగి రావచ్చు అన్నారు. ఓబుళమ్మ వచ్చి చూసుకుంటే తోటలో చెట్లు సగం చచ్చి సగం బతికి ఉన్నాయి. మధ్యలో రెండు మంచి వానలు పడి వాటిని నిలబెట్టాయి. ఇంజన్ బావి అడుగున బురదలో ఉంది.

దాన్ని పైకి తీయించి ట్రాక్టర్ మీద నా షాపుకు తెచ్చింది. నేనప్పుడు ఎండలో నిలబడి చూస్తున్నాను. బురద ఎండిపోయి, చక్రం నిండా తుప్పు పొలుసులు లేచి, పొగ గొట్టంలో కప్ప ఒకటి కాపురం పెట్టి ఉంది. ఓబుళమ్మ నన్ను పక్కకు పిలిచి ఒకే ఒక్క సంగతి చెప్పింది. కేశవకు అప్పుడే మీసాలు వస్తున్నాయి. వాళ్ళ వర్గం పెద్దాయన జీపులోకి వాణ్ణి రమ్మంటున్నారు. తండ్రిని చంపినవాళ్ళను చూస్తూ ఊరుకుంటావా అని రోజూ ఎవరో ఒకరు ఎక్కిస్తున్నారు. తోట పచ్చబడితే వాడు తోటలో ఉంటాడు, లేకపోతే జీపెక్కుతాడు. ఎండలు ముదిరేలోపల నీళ్ళు పడకపోతే ఆ బతికిన సగం కూడా పోతుంది. కొత్త ఇంజన్ కొనే తాహతు ఆమెకు లేదు. కరెంటు స్తంభం ఆ చేను దాకా రాలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని అనలేను. ఈ ఒక్క మాట ముందే రాసిపెడుతున్నాను, తర్వాత నేను ఎన్ని సాకులు చెప్పినా మీరు దీన్ని గుర్తుంచుకోండి.

చాలా రోజులు ఆ ఇంజన్‌తో కుస్తీ పట్టాను. పోయడం, ఊరనివ్వడం, వేడి చూపడం, తట్టడం. అంత మొండిగా పట్టేసిన ఇంజన్‌ను నేను అంతకు ముందు చూడలేదు. కేశవ రెండు మూడు రోజులకోసారి బస్సెక్కి వచ్చి, దాని పక్కన గొంతుక్కూర్చుని చూసి పోయేవాడు. ఒక మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి, అన్నం తినే ముందు ఒకసారి చూద్దామని చక్రం మీద చేయి వేశాను. కదిలింది. వెంట్రుకవాసి. నేను గట్టిగా అరిచాను కాబోలు, మా ఆవిడ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. అన్నం మాట మరిచిపోయి అటూ ఇటూ ఆడిస్తూ కూర్చున్నాను. పొద్దు గూకే వేళకు చక్రం నిండుగా తిరిగింది. ఇక రింగులు మార్చాలి, డీజిల్ పంపు కడగాలి, అంతే. వారంలో నీళ్ళు తోడుతుంది. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది.

మరుసటి రోజు పొద్దున కొండయ్య వచ్చాడు. కొండయ్య అవతలి వర్గం మనిషి. అంటే ఓబుళమ్మ భర్తను చంపిన వర్గం. వాళ్ళ పెద్దాయన వెనక జీపులో కనిపించేవాడు. మందు కొట్టే స్ప్రేయరు పాడైతే తెచ్చాడు. నేను దాన్ని విప్పుతుంటే అతను షాపంతా కలియజూసి ఓబుళమ్మ ఇంజన్ దగ్గర ఆగాడు.

"ఎవురిది మామా ఇది?" అన్నాడు.

చెప్పాను.

"ఓహో," అన్నాడు.

స్ప్రేయరు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకొక్క మాట అనలేదు. కన్నెర్ర చేయలేదు, తొడ చరచలేదు, రేపు వస్తానని కూడా అనలేదు. నాకు జరిగిన బెదిరింపు మొత్తం ఆ 'ఓహో'నే. దాని మీద నేను ఒక మేడ కట్టుకున్నాను. కొండయ్య పోయి పెద్దాయనకు చెబుతాడు. పెద్దాయన ఏమీ అనడు, పక్కవాడి వైపు చూస్తాడు. ఒకరోజు నా షాపు తగలబడుతుంది. లేదా నా కాళ్ళు. ముగ్గురు ఆడపిల్లలు నాకు. ఈ ఇంజన్ పోయి ఆ బావి మీద టకటకమంటుంటే ఊరంతా అడుగుతుంది, ఎవడు బాగుచేశాడని. రాజీ పెద్దల మధ్య కదా, మధ్యలో నలిగేవాడికి రాజీ ఏముంది?

ఇది భయమేనా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతాను. భయమే. కానీ ఒట్టి భయం కాదు. నా గిరాకీలో ముక్కాలు వంతు కొండయ్య వర్గానిది. ఎడమ గోడ ఎప్పుడూ నిండుగా ఉండేది, కుడి గోడ దగ్గర పిల్లలు ఆడుకునేవాళ్ళు. భయం అంటే జనం జాలిపడతారు కాబట్టి భయం అని చెప్పుకుంటున్నాను. లోపల ఇంకొకటి కూడా ఉంది. దానికి మంచి పేరు లేదు.

సరే, భయపడ్డాను. భయపడినవాడు ఏం చేయాలి? ఓబుళమ్మను పిలిచి, అమ్మా, నాకు భయంగా ఉంది, నీ ఇంజన్ తిరుగుతోంది, మిగతా పని ప్రొద్దుటూరులో ఎవరితోనైనా చేయించుకో అని చెబితే సరిపోయేది. ఆమె తిట్టుకుంటూనో ఏడ్చుకుంటూనో ట్రాక్టర్ పిలుచుకునేది. ఎవడో ఒకడు రింగులు వేసేవాడు. తోట బతికేది. ఎంత చిన్న పని అది! ఎందుకు చేయలేదు? చాలా ఏళ్ళు దీనికి జవాబు నా దగ్గర లేదనుకున్నాను. ఉంది. అలా చెబితే నేను పిరికివాణ్ణని ఆమెకు తెలుస్తుంది. తెలియకూడదనుకున్నాను. పిరికితనం కంటే, అది బయటపడటం నాకు పెద్ద కష్టంగా తోచింది. ఆ మర్యాద కాపాడుకోవడానికి ఒక ఆడమనిషి తోటను ఎండబెట్టాను.

ఇంజన్ పక్క మూత విప్పితే లోపల రెండు పళ్ళ చక్రాలు ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతుంటాయి. వాటి పళ్ళ మధ్య ఒక బోల్టు పెట్టాను. పెద్దది కాదు, బొటనవేలంత. చక్రాన్ని కొంచెం తిప్పితే అది గట్టిగా ఇరుక్కుంది. మూత మళ్ళీ బిగించాను. నా చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి. వణకలేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ సంగతే.

ఓబుళమ్మ, కేశవ కలిసి వచ్చారు. నా చేతులకున్న మసిని పాత గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాను. అక్కడ జరిగిన మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"ఏమన్నా ఆశ ఉండాదా అన్నా?" అంది ఓబుళమ్మ.

"లేదు మ్మా. లోపల పట్టేసి శానా కాలమైంది. ఇంగ రాదు."

"కొంచెం గూడ కదల్లేదా?"

"యాడ కదుల్తాది. నువ్వే సూడు."

ఆమె కొంగు నడుముకు దోపుకుని రెండు చేతులతో చక్రం పట్టి లాగింది. అది కదలలేదు. కేశవ ఆమెను పక్కకు జరగమని, కాలు ఇంజన్ దిమ్మెకు తన్ని పెట్టి, పళ్ళు బిగించి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగాడు. అరచేతి చర్మం లేచి నెత్తురు వచ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. వాడు లాగుతున్నది తుప్పును కాదు, నన్ను. అయినా నేను కదల్లేదు.

"సాల్లేరా నాయినా," అంది ఓబుళమ్మ. కొడుకు చేయి తీసుకుని తన కొంగుతో నెత్తురు అద్దింది. నా వైపు తిరిగి, "నువ్వేం జేస్తావు అన్నా. ఇన్ని దినాలు నీ పనులన్నీ ఇడిసిపెట్టి దీంతోనే ఉంటివి. మా రాత ఇట్లుంటే నువ్వేం జేస్తావు," అంది.

నన్ను ఓదార్చింది. ఆమె నన్ను ఓదార్చింది!

"దీన్ని మళ్ళా యాడికి మోసకపోతాం. నీ కష్టానికి ఏమిచ్చుకోలేం. నువ్వే పెట్టుకో, పాత ఇనుముకన్నా పనికొస్తాది," అంది. నేను వద్దనలేదు. వద్దని ఏమని చెప్పను? వాళ్ళు బస్టాండు వైపు నడుచుకుంటూ పోతుంటే వెనక నుంచి పిలవాలని నోరు తెరిచాను. తెరిచిన నోటితో అలాగే ఉండిపోయాను. ఎదురు టీ అంగడివాడు, ఏం భాయ్ ఆవలిస్తాండావు అని ఎగతాళి చేశాడు.

ఆ ఎండాకాలం తోట పోయింది. మంచి ముహూర్తం ఏదో చూసుకున్నట్టు కేశవ వానలకు ముందే జీపెక్కాడు. తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఏదో ఊళ్ళో గొడవ, ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ కేసులో కేశవ పేరు ఉంది. వాడు కొట్టాడో, పక్కన నిలబడ్డాడో నాకు తెలియదు, అడగలేదు. యావజ్జీవం పడింది. ఓబుళమ్మ భూమిని అయినకాడికి అమ్ముకుని ప్రొద్దుటూరు చేరి, బుడ్డల మిల్లులో పనికి కుదిరింది. బుడ్డలంటే మా వైపు వేరుశనగకాయలు. అక్కడి నుంచి కడప జైలుకు బస్సులు ఉంటాయని ప్రొద్దుటూరు ఎంచుకుందట.

ఒక మనిషి ప్రాణం పోయిందని రాశాను చూడండి, ఎంత తేలిగ్గా రాశానో. ఆ చచ్చినవాడికీ ఒక ఇల్లు ఉంటుంది. ఆ బోల్టు ఎంత దూరం వెళ్ళిందో లెక్కపెట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. అంతా నా వల్లే జరిగిందనడం కూడా ఒక రకం గొప్ప చెప్పుకోవడమే అని తెలుసు. ఇంజన్ తిరిగి ఉన్నా వాడు జీపెక్కేవాడేమో. తోట పచ్చగా ఉన్నా మనుషులు చావలేదా? అలా అనుకుని పడుకోబోతే ఓబుళమ్మ కొంగు మీది నెత్తురు కనిపిస్తుంది. లేచి కూర్చుంటాను.

ఆ ఇంజన్‌ను గోనెపట్టా కప్పి ఉంచాను. బోల్టు తీయలేదు. మూత విప్పితే దాన్ని నా కళ్ళతో చూడాలి. కొన్నాళ్ళకు కువైట్ వీసా దొరికింది. మా వాళ్ళలో సగం మంది పోయిన దారే. పోయే ముందు షాపు ఖాళీ చేసి ఇంజన్‌ను బోల్టుతో సహా పాత ఇనుము వాడికి వేశాను. నలుగురు ఎత్తి లారీలో పడేశారు. బరువు దిగిందనుకున్నాను.

కువైట్‌లో ఒక షేకు బంగళాలో పని. నీటి మోటార్లు, గడ్డి కోసే యంత్రాలు చూసుకోవాలి. ఎడారిలో గడ్డి పెంచి, దానికి పొద్దూ మాపూ నీళ్ళు చల్లి, అది ఎదిగితే కోయడానికి యంత్రాలు. చీనీ చెట్లకు నీళ్ళు అందకుండా చేసినవాణ్ణి తీసుకుపోయి, ఇసుకలో గడ్డికి నీళ్ళు పట్టే చోట నిలబెట్టాడు అల్లా. ఉప్పు గాలికి ఆ యంత్రాలు ఊరికే పట్టేసేవి. నేను ఓపికగా విడిపించేవాణ్ణి. ఒక్కొక్కటీ కదిలినప్పుడల్లా సంతోషం రావాలి, రాలేదు.

అక్కడే కొండయ్య కనిపించాడు. అవును, 'ఓహో' అన్న కొండయ్యే. డ్రైవర్‌గా వచ్చాడు. జీపుల కాలం అయిపోయింది, పెద్దాయన పట్టించుకోవడం మానేశాడు, అప్పులై వచ్చానన్నాడు. శుక్రవారం కడప వాళ్ళమంతా ఒక గదిలో చేరి సంగటి వండుకునేవాళ్ళం. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఓబుళమ్మ ఇంజన్ నా షాపులో చూసి పోయి మీ పెద్దాయనతో ఏం చెప్పావని.

"ఏ ఇంజన్ మామా?" అన్నాడు.

బావి, తోట, స్ప్రేయరు, అన్నీ చెప్పాను. అతను సంగటి ముద్ద చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. గుర్తు రాలేదు. "రాజీ అయినంక మాకేం పని మామా దాంతో? తిరిగితే తిరగనీ అనుకుంటాం," అని కూర వడ్డించుకున్నాడు. నేను ఆ పూట తినలేకపోయాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఇన్నాళ్ళూ నాకున్న ఒకే ఒక్క ఆసరా అది, వాళ్ళు నన్ను చంపేవాళ్ళన్న మాట. అది కూడా లాగేసుకున్నాడు కొండయ్య, పాపం తెలియకుండానే.

మా మతంలో ఒక మాట ఉంది. చిన్నప్పటి నుంచి మసీదులో వింటున్నదే. అల్లాకు చేసిన తప్పు అల్లా క్షమిస్తాడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలి, అల్లా మధ్యలో కలగజేసుకోడు. ఎన్ని నమాజులు చేసినా ఆ లెక్క తెగదు. కువైట్ నుంచి తిరిగివచ్చి ప్రొద్దుటూరులో షాపు పెట్టుకున్నాక, ప్రతి శుక్రవారం ఈ మాట ఎక్కడ వస్తుందో అని భయపడుతూ కూర్చునేవాణ్ణి.

ఓబుళమ్మ ఒకరోజు బస్టాండులో ఎదురుపడింది. చేతిలో గుడ్డసంచి. కడప పోతున్నానంది. నన్ను చూసి ముఖం విప్పారింది. పక్కనున్న ఆవిడకు చూపించి, "మా ఇంజన్ కోసం ఈ అన్న పడిన అవస్థ సొంత అన్న గూడ పడడు," అంది. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా ఇదే మాట. పండక్కి చక్కిలాలు తెచ్చి ఇచ్చేది. ఎన్నిసార్లు చెప్పబోయానో. నోటి దాకా వచ్చేది, ఆమె 'మంచోనివి' అనగానే లోపలికి పోయేది. ఆ మాట ఒక్కటి వినడం కోసం కూడా నేను చెప్పకుండా ఉన్నానేమో. ఇది రాయడం మిగతా అన్నిటికంటే కష్టంగా ఉంది.

కేశవ జైలు నుంచి బయటికి వచ్చాడు. నెత్తిన సగం జుట్టు లేదు. లోపల వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడట. ఓబుళమ్మ వాణ్ణి నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చి, "వీణ్ని నీ సేతిలో పెడతాండా అన్నా. ఇంగెవురినీ నమ్మను," అంది. పెట్టుకున్నాను. కాదనే హక్కు నాకెక్కడిది? పట్టేసినవాటిని విడిపించే విద్య అంతా వాడికి నేర్పాను. నేర్పితే నా బాకీ కొంచెం తీరుతుందనుకున్నాను. తీరలేదు. వాడు నన్ను మామా అని పిలిచినప్పుడల్లా ఇంకొంచెం పెరిగింది.

మొన్న ఒక స్కూలు వాళ్ళు గడ్డి కోసే యంత్రం తెచ్చారు. సెలవుల్లో వానకు వదిలేస్తే ఇంజన్ పట్టేసింది, కింద బ్లేడు బోల్టులు తుప్పుకు గుండ్రంగా అరిగిపోయాయి. కేశవ దాని వెనక పడ్డాడు. పోయడం, ఊరనివ్వడం, తట్టడం. అన్నీ నా పద్ధతులే. నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి నన్ను పిలిచాడు.

"మామా, సెయ్యి పెట్టి సూడు."

పెట్టాను. వెంట్రుకవాసి కదిలింది. వాడు చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. "మా ఇంజన్‌కు నువ్వు ఇంతకంటే కష్టపడినావు గదా. దానికి మాత్రం ఇట్ల కదిలే రాత లేకపాయ," అన్నాడు.

అప్పుడు చెప్పాను. అనుకుని చెప్పలేదు. కూర్చోబెట్టలేదు, టీ తెప్పించలేదు. "కదిలింది కేశవా. నిండుగా తిరిగింది. నేనే బోల్టు పెట్టినా," అన్నాను. అన్నాక ఆగలేకపోయాను. కొండయ్య, ఓహో, పళ్ళ చక్రాలు, అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పానో, మామూలుగా చెప్పానో నాకు తెలియదు.

వాడు అంతా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఆ పొద్దు నేను లాగినప్పుడు లోపల బోల్టు ఉన్నిందా?"

"ఉన్నింది."

"నా బలం సాల్లేదనుకుంటినే మామా," అన్నాడు. "జైల్లో గూడ అదే అనుకుంటా ఉంటి. ఇంగొక్కసారి లాగింటే వచ్చుండునేమో అని."

తిడతాడనుకున్నాను. స్పానరు చేతిలోనే ఉంది, కొడతాడని కూడా అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. వాడు స్పానరును దాని చోట పెట్టాడు. సబ్బు తీసుకుని మసి పోయేదాకా చేతులు కడుక్కున్నాడు. చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. నన్ను క్షమించమని నేను అడగలేదు. అడగడానికి నోరు రాలేదు.

ఈరోజు పనికి రాలేదు. ఎదురుచూస్తూ కూర్చుని ఇది రాస్తున్నాను. వస్తాడో రాడో తెలియదు. వస్తే ఏమంటాడో తెలియదు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. చేతనైంది చేశానన్న తృప్తి కూడా లేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి తృప్తి ఏముంటుంది? నేను ఎండబెట్టిన చెట్లు చిగురించవు. వాడు లోపల గడిపిన ఏళ్ళు తిరిగిరావు. ఎవరో చచ్చిపోయినవాడు లేచిరాడు. నేను ఏం చేసినా ఇందులో ఒక్కటీ మారదు.

ఒక్కటి మాత్రం మారింది. నిన్న సాయంత్రం కేశవ ఇంటికి వెళ్ళి ఉంటాడు. తల్లికి చెప్పి ఉంటాడు. ఆమె నన్ను ఎలా తిట్టుకుందో, అసలు తిట్టుకుందో లేదో నేను ఊహించలేను. కానీ ఈ ప్రొద్దుటూరులో నిన్నటి నుంచి ఓబుళమ్మ నన్ను మంచోడని అనుకోవడం లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ళకు నాకు ఊపిరి ఆడుతోంది.